గంప గుమ్మం దగ్గర పెట్టి

మొదటి రోజు, మంగళవారం: అన్సీ

లియోన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఈసారి రమ్మని పిలిచినప్పుడు ఒకే ఒక్క కోరిక చెప్పాను. ఐఫిల్ టవరు చూపించకపోయినా ఫరవాలేదు, నాలుగు చోట్లకు మాత్రం తీసుకెళ్లు అన్నాను. అన్సీ, ఆర్స్, పారే-ల-మోనియాల్, ఆఖరున పారిస్‌లో మోమార్త్ర్ కొండ. నాలుగు చోట్లా నేను చేయాలనుకున్న పని ఒకటే. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రభువు శరీరంగా మారుతుందని మేము నమ్మే అప్పం, దాని ముందు కాసేపు నోరు మెదపకుండా కూర్చోవాలి.

"దానికి ఇంత దూరం రావాలా అమ్మా? మన గుడిలోనే కూర్చోవచ్చు కదా" అన్నాడు.

వాడు అడిగినదాంట్లో తప్పులేదు. దివ్యసత్ప్రసాదంలో ఉన్న ప్రభువు లియోన్‌లో ఎక్కువ, విశాఖపట్నంలో తక్కువ కాడు. కానీ మా అమ్మకు ఆ కూర్చోవడం ఎవరు నేర్పారు, వాళ్లకు ఎవరు నేర్పారు అని వెనక్కి నడుచుకుంటూ వెళ్తే దారి ఈ ఊళ్లకే వస్తుంది. ఆ దారిని ఒకసారి కాళ్లతో నడవాలని నా కోరిక.

అన్సీ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. సరస్సు దగ్గర మేము ఎక్కువసేపు ఆగలేదు. ఊరి పైన కొండమీద ఉన్న దేవాలయంలో పునీత ఫ్రాన్సిస్ ద సాల్స్, పునీత జేన్ ద షాంతాల్ భౌతికకాయాలు ఉన్నాయి. ఆ ఇద్దరూ కలిసి 1610లో ఇదే ఊళ్లో విజిటేషన్ అనే మఠకన్యల సభను స్థాపించారు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1838లో, పీటర్ మెర్మియే అనే గురువు (ఫాదర్) అదే ఫ్రాన్సిస్ పునీతుని పేరుతో ఒక గురువుల సభను ఇక్కడే మొదలుపెట్టారు. వాళ్లే 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రాన్సాలియన్లు. వాళ్ల వెనుకే అన్సీ సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు వచ్చారు. పాతనగరంలో మా అన్నదమ్ములు చదివిన సెయింట్ అలోషియస్ బడి 1847 నాటిది.

గుడి బయట గోడ మీద చెయ్యి ఆనించి కిందనున్న ఊరిని చూశాను. అప్పటికి ఈ ప్రాంతం ఫ్రాన్స్‌లో కూడా లేదు, 1860 వరకు సవోయ్ అనే ఈ సీమ వేరు. సూయజ్ కాలువ తెరవడానికి ఇంకా 23 ఏళ్లు ఉంది. మంచుకొండల మధ్య పుట్టిన కుర్రవాళ్లు, తెలుగు అక్షరం ఒక్కటి రానివాళ్లు, మా ఎండలోకి, మా ఉప్పుగాలిలోకి బయలుదేరారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్లు మాకు బడులు కట్టారని అందరూ చెప్పుకుంటారు. గుడిలో ఒక మూల ఎర్రని దీపం వెలిగించి, అది వెలుగుతున్నంతసేపు లోపల ఎవరున్నారో మా అవ్వలకు చెప్పినవాళ్లు కూడా వాళ్లే. నాకు ఆ దీపమే పెద్దది.

లోపల అరగంట కూర్చున్నాం. మా అబ్బాయి కూడా కూర్చున్నాడు, ఫోను జేబులోంచి తీయలేదు. అది నేను గమనించాను.

రెండో రోజు, బుధవారం: ఆర్స్

లియోన్ నుంచి కారులో గంట కూడా పట్టలేదు. దారంతా దున్నిన పొలాలు. ఉదయం పొగమంచు పట్టి రోడ్డు పక్క చెట్లు మాత్రమే కనిపించాయి. 1818 ఫిబ్రవరిలో జాన్ మరియ వియాన్నీ గురువు ఈ ఊరికి కాలినడకన వస్తున్నప్పుడు కూడా ఇలాగే పొగమంచు కమ్మి దారి తప్పిందట. గొర్రెలు కాస్తున్న ఒక పిల్లవాణ్ణి దారి అడిగితే చూపించాడు. "నువ్వు నాకు ఆర్స్‌కు దారి చూపావు, నేను నీకు మోక్షానికి దారి చూపుతాను" అన్నారని చెబుతారు. ఊరి బయట ఆ ఇద్దరి విగ్రహం ఉంది. మా అబ్బాయి కారు ఆపాడు. గురువు చెయ్యి ఆకాశం వైపు, పిల్లవాడి ముఖం గురువు వైపు.

అప్పటికి ఊళ్లో ఉన్నది 230 మంది. గురువిద్యాలయంలో లాటిన్ భాష తలకెక్కక వెనుకబడిన మనిషిని, ఏ ప్రాముఖ్యమూ లేని ఈ విచారణకు, అంటే ఈ ఊరి గుడి బాధ్యతకు, పంపారు. ఆయన 1859లో చనిపోయేదాకా 41 సంవత్సరాలు అక్కడే ఉన్నారు. చివరి ఏళ్లలో రోజుకు పదహారు గంటల దాకా పాపసంకీర్తనాలు, అంటే జనం తమ పాపాలు ఒప్పుకుంటుంటే, వినేవారు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చేవారు. 1925లో పునీతునిగా ప్రకటించారు. మన విచారణల్లో ఆగస్టు 4న గురువులకు పూలదండలు వేసి పండుగ చేసేది ఈయన పేరు మీదే.

ఆయన ఉన్న ఇల్లు అలాగే ఉంచారు. వంటింట్లో ఒక కుండ చూశాను. వారానికి సరిపడా బంగాళదుంపలు ఒకేసారి ఉడకబెట్టుకుని రోజూ చల్లారినవే తినేవారట. గోడలకు అలంకారం లేదు. ఇల్లు చూసి గుడిలోకి వెళ్లాం. ఇటుకల గోపురమున్న పాత గుడిని పడగొట్టకుండా దాని వెనుకనే కొత్త దేవాలయం కలిపి కట్టారు. పాత భాగం మా ఊరి పక్క పల్లెల్లోని ప్రార్థనాలయమంత ఉంటుంది. కొత్త భాగంలో గాజు పేటికలో ఆయన భౌతికకాయం. ఒడ్డూ పొడుగూ లేని మనిషి.

నేను వచ్చింది పాత భాగం కోసం. ప్రసంగం చేస్తూ చేస్తూ ఆయన దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే మందసం వైపు తిరిగి, "ఆయన అక్కడ ఉన్నాడు" అని, ఇంక మాట పెగలక కన్నీళ్లు పెట్టుకునేవారట. ఆ మందసం ఎదుట వెనక బల్ల మీద ఒక రైతు రోజూ వచ్చి కూర్చునేవాడు. పొలానికి వెళ్తూ పార, పనిముట్లు గుమ్మం బయట పెట్టి లోపలికి వచ్చేవాడు. చేతిలో జపమాల లేదు, పుస్తకం లేదు, పెదవులు కదలవు. ఇంతసేపు ఏం చేస్తావని గురువు అడిగితే చెప్పిన జవాబు కతోలిక తిరుసభ బోధనలన్నీ ఉండే సత్యోపదేశ గ్రంథంలోకి కూడా ఎక్కింది. "నేను ఆయన్ని చూస్తాను, ఆయన నన్ను చూస్తాడు."

ఈ మాట నేను మొదట ఒక ధ్యానకూటంలో విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ రైతును నేను చూశాను. మా ఇంట్లోనే చూశాను.

మా అమ్మ ఆకుకూరలు అమ్మేది. తెల్లవారకముందే గంప నింపుకుని పాతనగరం వీధుల్లోకి బయలుదేరేది. తోటకూర, గోంగూర, బచ్చలి కట్టలు, పైన తడిపిన గోనెగుడ్డ. వెళ్లే దారిలోనే గుడి. గంపను అరుగు మీదికి దించేది. ఒక్కతే దించుకోలేదు, నేను ఒక అంచు పట్టేదాన్ని. తల మీది చుట్టకుదురు తీసి గంపలో పడేసి, చెంగుతో మెడ మీది చెమట తుడుచుకుని లోపలికి నడిచేది. కుడివైపు మూడో వరుసలో, బల్ల మీద కాదు, నేల మీద కూర్చునేది. రెండు అరచేతులూ వెల్లకిలా ఒళ్లో పెట్టుకునేది. కాడలు తుంచి తుంచి ఆమె బొటనవేలి గోరు కింద ఎప్పుడూ ఒక పచ్చని గీత ఉండేది. సబ్బుతో రుద్దినా పోయేది కాదు. అమ్మ మందసం వైపు చూస్తుంటే నేను ఆ గీతను చూస్తూ కూర్చునేదాన్ని.

పావుగంట. గోనెగుడ్డ ఆరే లోపల లేవాలి, లేకపోతే కూర వాడుతుంది.

ఆమెకు చదువు రాదు. పరలోక జపం, మంగళవార్త జపం నోటికి వచ్చు. కానీ ఆ పావుగంటలో అవి కూడా చెప్పేది కాదు. "ఏమడిగావమ్మా" అంటే, "ఏం అడుగుతాం, వచ్చానని తెలియాలి కదా" అనేది. నేను టీచరునై, మోకాళ్ల మీద ఉండి చదివే ప్రార్థనల పుస్తకాలు నాలుగు కొనుక్కున్న తర్వాత, ఆమె ప్రార్థన అసంపూర్ణమనుకున్నాను. పాతికేళ్లు అలాగే అనుకున్నాను. ఈ రోజు ఆర్స్‌లో ఆ వెనక బల్ల మీద కూర్చుని, ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను.

మూడో రోజు, గురువారం: పారే-ల-మోనియాల్

లియోన్ నుంచి చిన్న రైలు, కొండల మధ్య ఆగుతూ ఆగుతూ వెళ్తుంది. మా అబ్బాయికి సెలవు లేదు, ఇక్కడి నుంచి నేను ఒక్కదాన్నే. కాగితం మీద ఫ్రెంచిలో నాలుగు వాక్యాలు రాసిచ్చాడు. అవి చూపిస్తే చాలు, అందరూ దగ్గరుండి దారి చూపించారు.

పారేలో బుర్బాన్స్ అనే చిన్న నది, దాని ఒడ్డున తొమ్మిది వందల ఏళ్ల నాటి రాతి దేవాలయం. చూడవలసినదే. అయినా అందరి అడుగులూ ఒక సందులోని విజిటేషన్ మఠం గుడి వైపే వెళ్తాయి. మొన్న అన్సీలో పుట్టిందని చెప్పిన సభదే ఈ మఠం. 1671లో మార్గరీత మరియ అనే 23 ఏళ్ల యువతి ఇక్కడ చేరింది. 1673 డిసెంబరు 27న, పునీత యోహాను పండుగ రోజున, దివ్యసత్ప్రసాదం ముందు ప్రార్థిస్తుండగా ప్రభువు తన హృదయాన్ని ఆమెకు చూపారు. 1675 దాకా ఆ దర్శనాలు సాగాయి. మన ఇళ్లలో గోడ మీద ముళ్లకిరీటం చుట్టిన, మంటలు లేచే హృదయంతో ఉన్న యేసు పటం ఉంటుంది కదా, దాని మొదలు ఈ గదిలోనే. మా అమ్మ ఇంట్లో ఆ పటం కింద కిరోసిన్ దీపం ఉండేది.

తిరుహృదయ భక్తి గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను కానీ ఒక విషయం ఎవరూ నొక్కి చెప్పలేదు. ఆ దర్శనాలన్నిటికీ నెలవు ఆరాధనే, అంటే దివ్యసత్ప్రసాదం ముందు అలా గడపడమే. అప్పటికి ఆమె ఎవరికీ తెలియని ఒక మఠకన్య, చేస్తున్నది కేవలం ఆ సన్నిధిలో ఉండటం. 1674లో ప్రభువు ఆమెను ఒకటి అడిగారు. ప్రతి గురువారం రాత్రి పదకొండు నుంచి పన్నెండు దాకా, గెత్సెమనీ తోటలో తాను పడిన వేదనలో తోడుగా మేలుకొని ఉండమని. మనం పవిత్ర ఘడియ అని చేసుకునేది అదే. ప్రతి నెలా తొలి శుక్రవారం దివ్యసత్ప్రసాదం స్వీకరించమన్నదీ ఆమెనే. సాయం కాదు, విరాళం కాదు, పని కాదు, ఒక గంట తోడు అడిగారు. "నాతో ఒక గంట అయినా మేల్కొని ఉండలేరా" అని శిష్యులను అడిగిన ప్రభువు ఇంకా అదే అడుగుతున్నారు.

మన పవిత్ర ఘడియ ఎలా జరుగుతుందో ఇక్కడ చెప్పాలి. ఆరు గంటలకు దివ్యసత్ప్రసాదాన్ని బలిపీఠం మీద ఉంచుతారు. సూర్యకిరణాల్లా చుట్టూ బంగారు రేకులు, నడుమ గాజులో తెల్లని అప్పం. సాంబ్రాణి వేస్తారు. అక్కడి నుంచి మైకు ఆగదు. పాట, స్తుతి, జపమాల, వాక్యం, పాట, మధ్యస్థ ప్రార్థన, సాక్ష్యం, పాట. కీబోర్డు వాయించేవాడు పాటకూ పాటకూ మధ్య కూడా వేళ్లు తీయడు. చివర ఆశీర్వాదం. గంటలో ఒక్క నిమిషం నిశ్శబ్దం ఉండదు. ఎక్కడైనా అర నిమిషం ఆగితే, ఏదో మరిచిపోయారేమోనని జనం ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ఇది నేను ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. ముప్ఫై ఏళ్లు ఆ గాయకబృందంలో ముందు నిలబడింది నేనే. ఖాళీ కనబడితే పాట ఎత్తుకున్నది నేనే. మన పాటలు గొప్పవి, కళ్లనీళ్లు తెప్పిస్తాయి, నేను వాటిని వదులుకోను. కానీ మా అమ్మలాంటి వాళ్లు ఆ గంటలో ఎక్కడ కూర్చోవాలి? మనం పాడుతూ ఉంటే ఆయన ఎప్పుడు మాట్లాడాలి? గంటలో పావుగంట మైకు కట్టేయాలని మా విచారణ గురువులను అడుగుతాను. కాదంటే పది నిమిషాలు. అదీ కాదంటే అయిదు, కానీ అడగడం మాత్రం మానను.

రాత్రి యాత్రికుల వసతిగృహంలో ఒక ప్రార్థనగది దొరికింది. మందసం దగ్గర దీపం, ఆరు కుర్చీలు. పదకొండింటికి ముగ్గురం ఉన్నాం. పదకొండున్నరకు నేను నిద్రలోకి జారాను. కుర్చీ కాలు కిర్రుమంటే మెలకువ వచ్చింది. చాలా బాధపడ్డాను. ఇంత దూరం వచ్చి, ఇదే గురువారం రాత్రి, ఇదే ఊళ్లో. తర్వాత లేచి నిలబడి మిగిలిన అరగంట గడిపాను.

నాలుగో రోజు, మొదటి శుక్రవారం

ఉదయం దివ్యబలిపూజ. భాష అర్థం కాలేదు, ఎక్కడ ఏముందో అంతా తెలుసు. మార్గరీత మరియ మాట నమ్మిన మొదటి మనిషి క్లోద్ ల కొలంబియేర్ అనే యేసుసభ గురువు. 1992లో ఆయన్ని పునీతునిగా ప్రకటించారు. ఆయన అవశేషాలున్న గుడికి కూడా వెళ్లివచ్చాను.

మొదటి శుక్రవారం అనగానే నాకు గుర్తొచ్చేది గుడి కాదు, మా అమ్మ మంచం. ఆఖరి ఏడాది ఆమె లేవలేకపోయింది. ప్రతి మొదటి శుక్రవారం గురువులు స్కూటరు మీద వచ్చి, మెడలోని చిన్న సంచిలోంచి దివ్యసత్ప్రసాదం తీసి ఇచ్చేవారు. బల్ల మీద తెల్లగుడ్డ, కొవ్వొత్తి, గ్లాసుతో నీళ్లు నేనే సిద్ధం చేసేదాన్ని. అది స్వీకరించాక ఆమె అరచేతులు దుప్పటి మీద వెల్లకిలా పెట్టుకునేది. అప్పటికి గోరు కింది పచ్చగీత పోయింది.

మధ్యాహ్నం వాన. బస్సు, ఆ తర్వాత ల క్రజో దగ్గర వేగంగా వెళ్లే రైలు, సాయంత్రానికి పారిస్.

అయిదో రోజు, శనివారం: మోమార్త్ర్

కొండ మీద తెల్లని గుమ్మటాల దేవాలయం, సక్రే కేర్. తిరుహృదయ దేవాలయమని అర్థం. 1870 యుద్ధంలో ఓడి దేశం చితికిపోయినప్పుడు పశ్చాత్తాపంతో మొక్కుకున్న మొక్కు ఇది. 1875లో పునాదిరాయి వేశారు, కట్టడానికి దేశమంతా చందాలు వేసుకున్నారు. 1919లో ప్రతిష్ఠ జరిగింది. అయితే గోడలు పూర్తికాకముందే, 1885 ఆగస్టు 1న దివ్యసత్ప్రసాదాన్ని పీఠం మీద ఉంచారు. ఆనాటి నుంచి పగలూ రాత్రీ ఎవరో ఒకరు దాని ముందు ఉంటూనే ఉన్నారు. 1944 ఏప్రిల్‌లో దగ్గర్లోనే బాంబులు పడి కిటికీల రంగుటద్దాలు పగిలిపోయాయి. ఆ రాత్రి కూడా ఆరాధన ఆగలేదు.

పగలు మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. పాటలు, బొమ్మలు అమ్మేవాళ్లు, ఫొటోలు. లోపలికి అడుగుపెడితే గొంతులు వాటంతటవే తగ్గుతాయి. పీఠం పైన గోడంతా మొజాయిక్ చిత్రం, 475 చదరపు మీటర్లు. ప్రభువు రెండు చేతులూ చాచి ఉంటారు, గుండె బంగారు రంగు. నేను దాన్ని ఎక్కువసేపు చూడలేదు. దాని కింద ఎత్తున, అంత పెద్ద చిత్రం ముందు అరచేతిలో పట్టేంత తెల్లని అప్పం ఉంది. ఒకసారి కన్ను అక్కడ నిలిస్తే పైన ఏముందో గుర్తురాదు.

రాత్రి ఆరాధనకు ముందే పేరు నమోదు చేయించుకోవాలి. మా అబ్బాయి ఆ పని చేసిపెట్టాడు. దేవాలయాన్ని ఆనుకుని ఉన్న వసతిగృహం బెనెడిక్టీన్ సిస్టర్లు చూసుకుంటారు. నాకు రెండు నుంచి మూడు గంటల వరకు. పదిన్నరకు తలుపులు మూస్తారు. ఆ తర్వాత లోపల ఉండేది ఆరాధకులే. పక్కమీద వాలాను కానీ పారే గుర్తొచ్చి నిద్రపోలేదు.

పావు తక్కువ రెండుకు శాలువా కప్పుకుని వెళ్లాను. పగలు వేలమంది నిలబడిన చోట అయిదుగురం ఉన్నాం. దీపాలన్నీ ఆర్పి పీఠం దగ్గర మాత్రం వెలుగు ఉంచారు. కప్పు చీకట్లో ఎక్కడుందో తెలియదు. ఎవరో దగ్గారు, ఆ చప్పుడు గుమ్మటం దాకా వెళ్లి తిరిగి వచ్చింది.

మొదటి పది నిమిషాలు పేర్లు చెప్పుకున్నాను. అబ్బాయి, వాడి పెళ్లి, మా వీధిలో డయాలిసిస్ చేయించుకుంటున్న అమ్మాయి, నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఎక్కడున్నారో తెలియని పిల్లలు. పేర్లు అయిపోయాయి. జపమాల తీశాను, మళ్లీ సంచిలో పెట్టాను. తర్వాత మనసు ఇంటికి పోయింది. పెరట్లో కొళాయి కట్టానా లేదా, కరెంటు బిల్లు ఎవరు కట్టారు. తీసుకొచ్చి మళ్లీ ఇక్కడ కూర్చోబెట్టాను. మళ్లీ పోయింది. మళ్లీ తెచ్చాను. ఎన్నిసార్లో లెక్కలేదు. అందులో కోపం తెచ్చుకోవలసింది ఏమీ లేదని, బడిలో ఒకటో తరగతి పిల్లలను వరుసలో కూర్చోబెట్టడం కూడా ఇంతేనని అప్పుడు తోచింది.

రెండున్నర ప్రాంతంలో అది ఆగింది. నేను ఆపలేదు. బల్ల మీది నుంచి లేచి నేల మీద కూర్చున్నాను. రాయి చల్లగా తగిలింది. అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాను. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. వచ్చానని తెలియాలి కదా. ఆయనకు తెలిసింది. అంతకంటే నేను రాయగలిగింది లేదు.

మూడు గంటలకు భుజం మీద ఎవరో మెల్లగా తట్టారు. ఎనభై దాటిన ఫ్రెంచి పెద్దావిడ, చేతికర్రతో వచ్చింది. నేను లేవలేకపోతుంటే చెయ్యి అందించింది. ఆమెకు తోచిన భాషలో ఏదో అంది, నాకు వచ్చిన భాషలో నేను "ఉంటానమ్మా" అన్నాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఆమె చేతికర్రను చప్పుడు కాకుండా నేల మీద పడుకోబెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని కూర్చుంటోంది.